కొండదారిలో వంట: క్యాంప్ స్టవ్, వంటపాత్రల ఎంపికపై తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్నం వంటి ఊళ్ల నుంచి బయలుదేరి ఉత్తరాఖండ్, హిమాచల్ ప్రదేశ్, లద్దాఖ్ కొండల్లో తమ వంట తామే చేసుకుంటూ నాలుగైదు రోజులు నడవదలచిన వారి కోసం ఈ సమాధానాలు రాశాము. చాలామంది "ఏ స్టవ్ కొనాలి?" అన్న ప్రశ్నతోనే మొదలుపెడతారు. మా దృష్టిలో అది చివరగా అడగవలసిన ప్రశ్న. దారిలో ఏం వండుకుంటారో, నడక మొదలయ్యే ఊళ్లో ఏ ఇంధనం దొరుకుతుందో ముందుగా తేల్చుకుంటే, కొనదగిన స్టవ్‌లు రెండు మూడుకు మించి మిగలవు.

ట్రెక్కింగ్ సంస్థతో వెళ్తున్నాను. స్టవ్ తీసుకెళ్లాలా?

అవసరం లేదు. కేదార్‌కంఠ, హంప్టా పాస్ వంటి పేరున్న దారుల్లో సంస్థలు కంచర గాడిదల మీద గ్యాస్ సిలిండర్లు, పెద్ద గిన్నెలు ముందుగానే చేరవేసి వంటవాళ్లతో వండిస్తాయి. మీ సంచిలో ఒక పళ్లెం, ఒక స్టీలు గ్లాసు, ఒక చెంచా ఉంటే చాలు. కింది సమాధానాలన్నీ సొంతంగా వెళ్లే ఇద్దరు ముగ్గురు మిత్రుల బృందాలకు ఉద్దేశించినవి.

అడవిలో ఎండుపుల్లలు ఉంటాయి కదా, మూడు రాళ్లు పెట్టి వండుకుంటే సరిపోదా?

సరిపోదు, చేయకూడదు కూడా. రిజర్వు అడవుల్లో నిప్పు రాజేయడాన్ని 1927 నాటి భారత అటవీ చట్టం నియంత్రిస్తుంది. అభయారణ్యాల్లో ప్రమాదకరంగా నిప్పు పెట్టడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధిస్తుంది. ఉత్తరాఖండ్‌లో ఏటా ఫిబ్రవరి మధ్య నుంచి జూన్ మధ్య వరకు అడవులు తగలబడే కాలంగా లెక్కిస్తారు. చాలామంది నడకకు ఎంచుకునే ఏప్రిల్, మే నెలలు సరిగ్గా అందులోనే పడతాయి. చీర్ పైన్ చెట్ల ఆకులు నేలమీద మందంగా పరుచుకుని ఉన్న చోట ఒక్క నిప్పురవ్వ చాలు. మన నల్లమలలోనూ అంతే. నాగార్జునసాగర్–శ్రీశైలం, అమ్రాబాద్ పులుల అభయారణ్యాల్లో అటవీశాఖ అనుమతించిన చోట తప్ప రాత్రి బస చేయకూడదు, వేసవిలో అక్కడి ఎండుగడ్డికి అంటుకున్న నిప్పును ఆర్పడం సిబ్బందికి ఎంతో కష్టమైన పని.

చట్టం మాట అటుంచినా మరో సంగతి ఉంది. మూడు వేల మీటర్లకు పైన చెట్లు బహు నెమ్మదిగా పెరుగుతాయి. అక్కడ దొరికే కొద్దిపాటి జునిపర్, రోడోడెండ్రాన్ కట్టె ఆ కొండ ఊళ్లవారికి చలికాలపు వంటచెరకు. నాలుగు రోజుల సరదాకు వచ్చిన మనం దాన్ని కాల్చేయడం వారి పొయ్యిలోని కట్టెను లాక్కోవడమే అవుతుంది.

గ్యాస్, కిరోసిన్, స్పిరిట్: వీటిలో ఏ ఇంధనం మంచిది?

మొదటిసారి వెళ్లేవారికి, మంచు కరిగించుకోవలసిన అవసరం లేని దారులకు, మరచుట్టుతో బిగించుకునే గ్యాస్ క్యానిస్టర్ (చిన్న గ్యాస్ డబ్బా) స్టవ్‌నే సూచిస్తాము. బర్నర్ బరువు వంద గ్రాములకు అటూ ఇటూ ఉంటుంది, అరచేతిలో ఇమిడిపోతుంది, మంటను ఇంటి పొయ్యి మీదలాగే పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. క్యానిస్టర్లు సాధారణంగా 100, 230, 450 గ్రాముల గ్యాస్ పట్టే పరిమాణాల్లో వస్తాయి, వాటి మరచుట్టు ఒకే ప్రమాణానికి చెందినది కాబట్టి ఒక కంపెనీ బర్నర్‌కు మరో కంపెనీ క్యానిస్టర్ సరిపోతుంది. 230 గ్రాముల క్యానిస్టర్‌కు డబ్బా బరువు మరో 150 గ్రాముల దాకా కలుస్తుందని లెక్క వేసుకోండి.

కిరోసిన్‌తో మండే ద్రవ ఇంధన స్టవ్‌లు మన ఇళ్లలో ఒకప్పుడు ఉన్న పంపు స్టవ్వు జాతివే. పంపు కొట్టి ఒత్తిడి పెంచితే నూనె వేడి గొట్టంలోకి ఎక్కి ఆవిరై, సన్నని రంధ్రం గుండా చిమ్ముకొస్తూ నీలిమంటగా మండుతుంది. స్వీడన్‌లో ఫ్రాన్స్ విల్హెల్మ్ లిండ్‌క్విస్ట్ 1892లో తయారుచేసిన ప్రైమస్ స్టవ్ దీనికి మూలం. 1911లో దక్షిణ ధ్రువానికి వెళ్లిన అముండ్‌సెన్ బృందం మోసుకెళ్లిందీ, 1953 ఎవరెస్ట్ యాత్రలో వాడిందీ ఆ స్టవ్‌నే. ఎంత చలిలోనైనా మండటం, మంచు కరిగించడానికి తగిన సెగ ఇవ్వడం దీని బలాలు. ముందు గొట్టాన్ని వేడిచేసుకోవడం, మసి, వాసన, రంధ్రం పూడినప్పుడల్లా పిన్ను పెట్టి పొడవడం దీని బాధలు. ఎం.ఎస్.ఆర్., ఆప్టిమస్, ప్రైమస్ కంపెనీల బహుళ ఇంధన స్టవ్‌లు కొన్ని కిరోసిన్‌తోను, పెట్రోలుతోను కూడా మండుతాయి. అయితే బంకులో దొరికే పెట్రోలులో వాహనాల కోసం కలిపే రసాయనాలు, ఇథనాల్ ఉంటాయి, వాటి వల్ల జెట్ (ఇంధనం చిమ్మే సన్నని రంధ్రం) త్వరగా పూడుతుంది, రబ్బరు వాషర్లు పాడవుతాయి. పైగా పెట్రోలు ఆవిరి చటుక్కున అంటుకుంటుంది. మరో దారి లేనప్పుడు తప్ప దాని జోలికి పోవద్దు. రేషన్ కిరోసిన్ చాలా రాష్ట్రాల్లో నిలిచిపోయింది కనుక, "కొండ ఊళ్లో ఎక్కడైనా దొరక్కపోతుందా" అన్న ధీమాతో కూడా బయలుదేరవద్దు.

స్పిరిట్ స్టవ్‌లో విరిగిపోయే భాగం ఏదీ ఉండదు. 1925లో మొదలైన స్వీడన్ కంపెనీ ట్రాంజియా చేసే ఇత్తడి బర్నర్ ఇందుకు మంచి ఉదాహరణ. కాని ఒక గ్రాము స్పిరిట్‌లో ఉండే వేడి గ్యాస్‌లో ఉన్న వేడిలో దాదాపు సగమే కాబట్టి రోజులు పెరిగేకొద్దీ మోయవలసిన బరువు పెరుగుతుంది. దాని మంట పగటి వెలుగులో కంటికి ఆనదు. మండుతోందో లేదో తెలియక మళ్లీ స్పిరిట్ పోయబోయి ఒళ్లు కాల్చుకునే ప్రమాదం నిజంగా ఉంది, అందుకే బర్నర్ పూర్తిగా చల్లబడిందని చేత్తో తాకి చూసుకోగలిగేదాకా నింపకూడదు. హెక్సామిన్ బిళ్లలు (వెలిగిస్తే మండే ఘన ఇంధనపు బిళ్లలు) ఒంటరిగా వెళ్లేవారికి అత్యవసర టీకి పనికొస్తాయి, అన్నానికి పనికిరావు.

క్యానిస్టర్‌ను రైల్లో లేదా విమానంలో తీసుకెళ్లవచ్చా?

రెండింటిలోనూ కుదరదు. మండే వాయువులు రైల్వే నిబంధనల ప్రకారం ప్రమాదకర వస్తువులు, వాటిని చట్టవిరుద్ధంగా రైల్లోకి తెచ్చిన వారికి 1989 నాటి రైల్వే చట్టం 164వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. "చిన్న డబ్బాయే కదా, ఎవరు చూస్తారు" అని కొందరు సంచి అడుగున దాచి తీసుకెళ్తుంటారు. కిక్కిరిసిన బోగీలో వందలమంది ప్రాణాలతో ఆడుకునే హక్కు ఎవరికీ లేదు. విమానంలో చేతి సంచిలోను, లగేజీలోను కూడా గ్యాస్ నిషిద్ధం. ద్రవ ఇంధన స్టవ్‌ను ఇంధనం ఆనవాలు లేకుండా ఖాళీచేసి, శుభ్రం చేసి, ఎయిర్‌లైన్ అనుమతితో మాత్రమే లగేజీలో పెట్టగలం, వాసన వస్తే దాన్నీ ఆపేస్తారు.

కనుక బర్నర్‌ను ఇక్కడి నుంచి తీసుకెళ్లి, ఇంధనం, అగ్గిపెట్టె, లైటరు అక్కడే కొనాలి. డెహ్రాడూన్, మనాలి, లేహ్ వంటి పట్టణాల్లోని ట్రెక్కింగ్ సామాన్ల దుకాణాల్లో క్యానిస్టర్లు దొరుకుతాయి, నేపాల్ వెళ్లేవారికి కాఠ్మాండూలోని థామెల్ వీధుల్లో తేలికగా దొరుకుతాయి. సీజను మధ్యలో సరుకు అయిపోవడం మామూలే కాబట్టి, టికెట్లు కొన్న రోజే దుకాణానికి ఫోన్ చేసి పక్కన పెట్టించుకోండి. ఏ ఇంధనమైతే ఖాయంగా దొరుకుతుందని వారు చెప్పారో దానికి తగిన స్టవ్‌నే కొనండి.

బజారులో పొడవాటి, చవకైన బ్యూటేన్ డబ్బాలు ఉన్నాయి. అవి పనికిరావా?

బల్లమీద పెట్టుకునే పోర్టబుల్ స్టవ్‌లలో పడుకోబెట్టి వాడే డబ్బాలు అవి. అరకులోనో, అనంతగిరిలోనో కారు పక్కన టీ కాచుకోవడానికి బాగుంటాయి. మామూలు బ్యూటేన్ సముద్రమట్టం దగ్గర సున్నాకు అర డిగ్రీ కింద వాయువుగా మారడం మానేస్తుంది, సున్నాకు నాలుగైదు డిగ్రీల పైన ఉన్నప్పుడే మంట నీరసిస్తుంది. లంబసింగిలో చలికాలపు తెల్లవారుజాము కూడా దానికి ఇబ్బందికరమే. అడాప్టరు పెట్టి ట్రెక్కింగ్ బర్నర్‌కు కలిపేవారు ఒక విషయం గమనించాలి: డబ్బా మెడ దగ్గరి గాటు పైకి ఉండేలా పడుకోబెట్టకపోతే వాయువుకు బదులు ద్రవం వచ్చి మంట ఒక్కసారిగా ఎగసిపడుతుంది.

చలిలో గ్యాస్ స్టవ్ ఎందుకు ఆరిపోతుంది? ఏం చేయాలి?

క్యానిస్టర్‌లో ఉన్నది ద్రవం. అది మరిగి వాయువైతేనే బర్నర్‌కు చేరుతుంది. మరిగే ఉష్ణోగ్రత ప్రొపేన్‌కు సున్నాకు 42 డిగ్రీల కింద, ఐసోబ్యూటేన్‌కు 11.7 డిగ్రీల కింద, మామూలు బ్యూటేన్‌కు 0.5 డిగ్రీ కింద. కాబట్టి డబ్బా మీద రాసిన మిశ్రమాన్ని చదివి, ఐసోబ్యూటేన్, ప్రొపేన్ ఉన్నదాన్నే కొనాలి. నిలబెట్టి వాడినప్పుడు ప్రొపేన్ ముందుగా ఎగిరిపోయి, చలికి తట్టుకోలేని భాగం అడుగున మిగులుతుంది. కొత్త డబ్బా బాగా మండి, సగమయ్యాక మొరాయించడానికి కారణం ఇదే. దానికి తోడు, వాయువుగా మారేటప్పుడు ద్రవం తన వేడినే ఖర్చు చేసుకుని ఇంకా చల్లబడుతుంది. ఎత్తైన చోట గాలి పీడనం తక్కువ కావడం వల్ల ద్రవం కొంత తక్కువ ఉష్ణోగ్రతలోనే మరుగుతుంది, అది మనకు కాస్త కలిసొచ్చే విషయం.

రాత్రి పడుకునేటప్పుడు డబ్బాను స్లీపింగ్ బ్యాగులో కాళ్ల దగ్గర పెట్టుకోండి. ఉదయం వంట సమయంలో గోరువెచ్చని నీళ్లు రెండంగుళాల మేర పోసిన వెడల్పాటి పాత్రలో దాన్ని నిలబెట్టండి. నేల మీది మంచు తగలకుండా కింద ఫోమ్ చాప ముక్క వేయండి. డబ్బాను మంటకు చూపించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోను చేయరాదు. నవంబరు తర్వాత వెళ్లేవారైతే, గొట్టంతో కలిపి డబ్బాను తలకిందులుగా పెట్టగలిగే స్టవ్‌కు డబ్బు పెట్టడం మంచిది. అందులో ద్రవమే గొట్టంలోకి వెళ్లి బర్నర్ దగ్గరి వేడి గొట్టంలో ఆవిరవుతుంది కనుక మిశ్రమం చివరి దాకా మారదు, చాలా తక్కువ ఉష్ణోగ్రతలోనూ మండుతుంది. ఆ వేడి గొట్టం లేని స్టవ్‌తో డబ్బాను తలకిందులు చేస్తే పెద్ద మంట లేస్తుంది.

ఎంత గ్యాస్ తీసుకెళ్లాలి?

గాలి లేని చోట, మూత పెట్టిన గిన్నెలో లీటరు నీళ్లు మరగడానికి సుమారు 12 నుంచి 15 గ్రాముల గ్యాస్ పడుతుంది. గాలి వీస్తే ఇరవై దాటిపోతుంది. ఇద్దరు మనుషులు ఉదయం టీ, ఉప్మా, సాయంత్రం సూప్, రాత్రి అన్నం, చారు చేసుకుంటే రోజుకు 70 నుంచి 80 గ్రాములని మా అంచనా, అంటే నాలుగు రోజులకు 230 గ్రాముల డబ్బాలు రెండు. వేడినీళ్లు పోస్తే తయారయ్యే తిండితోనే సరిపెట్టుకునేవారికి ఒక్క డబ్బా ఐదారు రోజులు వస్తుంది.

మంచు కరిగించుకోవలసి వస్తే ఈ లెక్క మొత్తం తారుమారవుతుంది. సున్నా డిగ్రీల మంచును సున్నా డిగ్రీల నీరుగా మార్చడానికి పట్టే వేడితో అదే నీటిని 80 డిగ్రీల దాకా కాచవచ్చు. కాబట్టి వాగు నీటితో పోలిస్తే ఇంధనం రెట్టింపు కన్నా ఎక్కువే కావాలి. కరిగించేటప్పుడు గిన్నె అడుగున కొంచెం నీళ్లు ఉంచి, మంచును కొద్దికొద్దిగా వేయాలి. పొడి మంచును ఖాళీ గిన్నెలో కూరితే అడుగు మాడిపోతుంది.

ఎత్తులో అన్నం ఉడకదంటారు. నిజమేనా?

అన్నం ఉడుకుతుంది, కందిపప్పు ఉడకదు. నీరు మరిగే ఉష్ణోగ్రత మూడు వేల మీటర్ల దగ్గర దాదాపు 90 డిగ్రీలు, నాలుగు వేల మీటర్ల దగ్గర దాదాపు 87 డిగ్రీలు. బియ్యంలోని పిండిపదార్థం అంతకన్నా తక్కువ వేడిలోనే మెత్తబడుతుంది కనుక కాస్త ఎక్కువసేపు పడుతుందే తప్ప ఉడకక మానదు. పప్పు గింజ మెత్తబడడానికి మాత్రం ఆ వేడి చాలదు, గంటసేపు ఉడికించినా పలుకుగానే ఉంటుంది, ఈలోపు రెండు రోజుల గ్యాస్ అయిపోతుంది.

బియ్యాన్ని అరగంట నానబెట్టి, ఎసరు కొలతగా పెట్టి, గంజి వార్చే పని లేకుండా అత్తెసరు అన్నం వండండి. వార్చి పారబోసే గంజిలో మీరు మోసుకొచ్చిన ఇంధనం కూడా పోతుంది. ఎసరు మరిగాక ఏడెనిమిది నిమిషాలు సన్నసెగ మీద ఉంచి, నీరు ఇంకుతుండగా దించి, మూత తీయకుండా గిన్నెను ఉన్ని టోపీలోనో, జాకెట్‌లోనో చుట్టి పావుగంట వదిలేయండి. మిగిలిన ఉడుకు దానంతట అదే పూర్తవుతుంది. మేము చెప్పే సలహాల్లో గ్యాస్‌ను ఎక్కువగా ఆదా చేసేది ఇదే.

అసలు తెలుగువారి వంటింట్లో కొండదారికి తగిన తిండి చాలా ఉంది. ముందుగానే వేయించి పోపు కలిపిన ఉప్మారవ్వకు వేడినీళ్లు, నాలుగు నిమిషాల సెగ చాలు. అటుకులకు అది కూడా అక్కర్లేదు. చింతపండు గుజ్జును ఇంట్లోనే పోపుతో దగ్గరగా ఉడికించి సీసాలో పెట్టుకుంటే వేడి అన్నంలో కలపగానే పులిహోర అవుతుంది. కందిపప్పు రుచి కావాలంటే కందిపొడి, నెయ్యి తీసుకెళ్లండి. పప్పే కావాలంటే వేయించి రవ్వలా మరపట్టించిన పెసరపప్పు పది నిమిషాల్లో ఉడుకుతుంది. ఖరీదైన విదేశీ ప్యాకెట్ల భోజనం కొనేముందు ఇవన్నీ ఒకసారి ఆలోచించమని మా విన్నపం.

చిన్న ప్రెషర్ కుక్కర్ మోసుకెళ్లడం సబబేనా?

నలుగురికి మించి ఉంటే సబబే. కుక్కర్ లోపలి ఒత్తిడి వల్ల నాలుగు వేల మీటర్ల ఎత్తులో కూడా ఉష్ణోగ్రత 110 డిగ్రీలు దాటుతుంది కాబట్టి పప్పు, రాజ్మా, శనగలు కూడా ఉడుకుతాయి. హిమాలయాల్లోని ఏ ఊరి వంటింట్లో చూసినా కుక్కర్ కనిపించడానికి కారణం ఇదే. రెండు లీటర్ల అల్యూమినియం కుక్కర్ కిలోకు అటూ ఇటూ తూగుతుంది, ఆదా అయ్యే గ్యాస్‌తో ఆ బరువు పెద్ద బృందానికి గిట్టుబాటవుతుంది, ఇద్దరికి కాదు. డబ్బా నెత్తిన కూర్చునే చిన్న బర్నర్ మీద మాత్రం కుక్కర్ పెట్టవద్దు. నేలకు ఆనుకుని వెడల్పాటి కాళ్లున్న, గొట్టంతో డబ్బాకు కలిసే స్టవ్ మీదే అది నిలుస్తుంది.

గిన్నెలు ఏ లోహానివి కొనాలి? టైటానియం అంత ఖరీదు పెట్టదగినదా?

నీళ్లు మరిగించుకుని ప్యాకెట్‌లో పోసుకునే వారికి టైటానియం బాగుంటుంది. అది తేలిక, గట్టి, తుప్పు పట్టదు. వండుకునే వారికి అది తగదు. అల్యూమినియంతో పోలిస్తే టైటానియం వేడిని పదో వంతు వేగంతో కూడా పాకనివ్వదు, అందువల్ల మంట తగిలిన నడిమి చోట అడుగంటి, అంచుల్లో పచ్చిగా ఉంటుంది. ఉప్మా, కిచిడీ చేసేవారు టైటానియం కొంటే ప్రతి పూటా మాడు గీకుతూ కూర్చోవాలి. స్టీలు కూడా వేడిని సరిగా పాకనివ్వదు, పైగా బరువు, కాని దెబ్బలకు తట్టుకుంటుంది, ఎంత తోమినా ఏమీ కాదు.

మా ఓటు హార్డ్ అనొడైజ్డ్ అల్యూమినియానికి, అంటే పైపొరను గట్టిపరచిన అల్యూమినియానికి. మామూలు సిల్వరు గిన్నె, అంటే తెలంగాణలో సత్తు గిన్నె అని పిలిచేది, వేడిని అంతే చక్కగా పంచుతుంది, చవక కూడా. అయితే చింతపండు, టమాటా వంటి పులుపు దాని లోహంతో కలిసి రుచిని పాడుచేస్తుంది. చారు లేనిదే ముద్ద దిగని మనకు ఇది చిన్న విషయం కాదు. అనొడైజ్ చేసిన పొర ఆ పులుపును చాలావరకు అడ్డుకుంటుంది. నాన్‌స్టిక్ పూత గిన్నె కొంటే చెక్క గరిటె వాడాలి, ఖాళీ గిన్నెను మంట మీద ఉంచరాదు, ఇసుకతో తోమరాదు. ఈ మూడూ కొండల్లో పాటించడం కష్టమే కాబట్టి పోపు వేసే ఒక చిన్న మూకుడుకు తప్ప ఆ పూత కోరుకోము.

పరిమాణం విషయంలో ఒక్కరికి ముప్పావు లీటరు, ఇద్దరికి లీటరుంబావు, నలుగురికి రెండు లేదా రెండున్నర లీటర్ల గిన్నె చాలు. పొడుగు గిన్నె కన్నా వెడల్పు గిన్నె సెగను బాగా పట్టుకుంటుంది, గాలికి పడిపోదు. బిగుతైన మూత తప్పనిసరి. గిన్నెలన్నిటికీ విడివిడిగా పిడులు ఉండే బదులు ఇంట్లో వాడే పట్టుకారు ఒకటి పెట్టుకుంటే సంచిలో చోటూ మిగులుతుంది, వేడి గిన్నె జారే భయమూ తగ్గుతుంది.

రెండు నిమిషాల్లో నీళ్లు మరిగించే, కప్పు ఆకారపు స్టవ్‌లు ఎలా ఉంటాయి?

జెట్‌బాయిల్ తరహా స్టవ్‌లలో గిన్నె అడుగున ఉండే రెక్కలు సెగను పట్టి ఉంచుతాయి, ఇంధనం ఆదా అవుతుంది, గాలిని కూడా బాగా తట్టుకుంటాయి. నీళ్లకు, నూడుల్స్‌కు, కాఫీకి ఇవి దివ్యంగా పనిచేస్తాయి. వాటిలో చాలావాటికి మంటను సన్నగా తగ్గించడం కుదరదు, గిన్నె ఇరుకు, కాబట్టి అన్నం అడుగంటుతుంది. కొనేవారు మంట తగ్గించే ఏర్పాటు ఉన్న నమూనాను అడిగి తీసుకోవాలి.

గాలి వీచే చోట చుట్టూ రేకు అడ్డం పెట్టవచ్చా?

ద్రవ ఇంధన, స్పిరిట్ స్టవ్‌లకు, గొట్టంతో డబ్బా దూరంగా ఉండే స్టవ్‌లకు తప్పక పెట్టండి. డబ్బా నెత్తిన నేరుగా కూర్చునే బర్నర్ చుట్టూ రేకు బిగిస్తే వేడి తిరిగి డబ్బాకు తగిలి అది పేలిపోవచ్చు. అటువంటి స్టవ్ వాడేవారు బండరాయి చాటునో, బ్యాగులను ఒకవైపు నిలబెట్టో వండుకోవాలి, మధ్యమధ్య డబ్బాను తాకి చూడాలి. అది వేడిగా తగిలిందంటే వెంటనే ఆర్పేయాలి.

వాన, మంచు కురుస్తుంటే టెంట్ లోపల వండుకోవచ్చా?

వద్దు. మంటతో పాటు వెలువడే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మత్తు, నిద్ర వచ్చి మనిషి అలాగే ఒరిగిపోతాడు. ఎత్తైన చోట తలనొప్పి రావడం సహజం కనుక దాన్ని ఎవరూ అనుమానించరు, అక్కడే ప్రమాదం రెట్టింపవుతుంది. ఉత్తర భారతంలో ఏటా చలికాలంలో తలుపులు మూసిన గదుల్లో బొగ్గుల కుంపటి పెట్టుకుని ప్రాణాలు పోగొట్టుకునేవారి వార్తలు వస్తూనే ఉంటాయి. కొండ ఊళ్లో గది అద్దెకు తీసుకున్నప్పుడు యజమాని ప్రేమతో కుంపటి తెచ్చిపెట్టినా, పడుకునేముందు దాన్ని బయట పెట్టించండి.

తప్పనిసరి పరిస్థితిలో టెంట్ ముందరి వసారా గుడ్డ కింద, రెండు వైపులా జిప్పులు తెరిచి, ఒకరు పక్కనే కూర్చుని వండాలి. టెంట్ గుడ్డ నైలాన్, నిప్పు అంటుకుంటే క్షణాల్లో కరిగి ఒంటికి అతుక్కుంటుంది. ద్రవ ఇంధన స్టవ్ వెలిగించే మొదటి నిమిషంలో మంట ఎగసిపడుతుంది కాబట్టి దాన్ని వసారా కింద కూడా వెలిగించకండి.

ఖాళీ క్యానిస్టర్‌ను ఇంటి సిలిండర్ నుంచి నింపిస్తామంటున్నారు. నింపించుకోవచ్చా?

నింపించుకోకూడదు. ఒకసారి వాడి పారేయడానికి చేసిన డబ్బా అది. ద్రవం వ్యాకోచించడానికి లోపల ఖాళీ ఉండాలి. అంచనాగా నింపినప్పుడు ఆ ఖాళీ మిగలకపోతే ఎండలో డబ్బా పగులుతుంది. కొండ మీద ఎవరైనా సగం వాడిన డబ్బా అమ్మజూపితే అది కంపెనీ నింపినదో కాదో తెలుసుకోవడం కష్టం, కాబట్టి మూత సీలు చెడని డబ్బానే తీసుకోండి. ఖాళీ అయినవాటిని కొండ మీద పాతిపెట్టకుండా, నిప్పులో వేయకుండా, కిందికి మోసుకురావాలి.

అగ్గి వెలిగించడానికి స్టవ్‌కు ఉన్న బటన్ చాలదా?

ఎత్తుకు వెళ్లేకొద్దీ ఆ బటన్ నిప్పురవ్వ సరిగా రాదు, తేమ తగిలితే అసలే రాదు. రెండు లైటర్లు, ప్లాస్టిక్ కవరులో చుట్టిన ఒక అగ్గిపెట్టె వేర్వేరు సంచుల్లో పెట్టుకోండి.

తాగే నీళ్లన్నీ కాచుకోవాలా?

కాచితే చాలు, శుద్ధి అవుతాయి. తెర్లుతున్న స్థితిలో ఒక నిమిషం, రెండు వేల మీటర్లు దాటితే మూడు నిమిషాలు ఉంచాలన్నది ఆరోగ్య సంస్థల సూచన. కాని ఇద్దరికి రోజుకు ఆరేడు లీటర్ల నీళ్లు కాచడమంటే మరో వంద గ్రాముల గ్యాస్. తాగునీటికి ఫిల్టరో, క్లోరిన్ బిళ్లలో వాడి, గ్యాస్‌ను వంటకు మిగుల్చుకోవడం మేలు.

మేము కాలిఫోర్నియాలో ఉంటున్నాము. అక్కడ నియమాలు వేరుగా ఉంటాయా?

వేరుగానే ఉంటాయి, కచ్చితంగా అమలవుతాయి కూడా. సియెర్రా నెవాడా కొండల్లోని జాతీయ అడవుల్లో, ఏర్పాటు చేసిన క్యాంప్‌గ్రౌండ్‌లకు బయట, గ్యాస్ స్టవ్ వెలిగించడానికి కూడా ఉచితంగా దొరికే కాలిఫోర్నియా క్యాంప్‌ఫైర్ పర్మిట్ కావాలి. వేసవిలో నిప్పుపై ఆంక్షలు విధించినప్పుడు సాధారణంగా తిప్పి ఆర్పగలిగే వాల్వు ఉన్న స్టవ్‌లనే అనుమతిస్తారు. స్పిరిట్ స్టవ్, బిళ్లల స్టవ్ ఆ నియమానికి అందవు. యోసెమిటీ జాతీయ పార్కు అడవుల్లో రాత్రి బస చేసేవారు ఎలుగుబంట్లు తెరవలేని గట్టి డబ్బాలో తిండిని భద్రపరచడం తప్పనిసరి. ఇంగువ, పోపు, ఆవకాయ వాసన చాలా దూరం పోతుంది కాబట్టి పచ్చడి సీసా కూడా ఆ డబ్బాలోనే ఉండాలి, వంట చేసిన చోటు పడుకునే చోటుకు బాగా ఎడంగా ఉండాలి.

గిన్నెలు వాగులో కడగవచ్చా?

వాగులో కడగకండి. నీళ్లు ముంచుకుని వాగుకు కనీసం అరవై మీటర్ల దూరం వెళ్లి కడగాలి. సబ్బు లేకుండా వేడినీళ్లు, కొబ్బరిపీచు చాలు. దిగువ ఊరివాళ్లు తాగేది ఆ నీళ్లే. మెతుకులను ఏరి చెత్త సంచిలో వేసి తిరిగి తెచ్చుకోవాలి.

బయలుదేరే ముందు ఇంట్లో ఏం సరిచూసుకోవాలి?

క్యానిస్టర్‌ను ఇంట్లో వాడి చూడాలనుకుంటే ఒకటి ఇక్కడే కొని, దాన్ని ఇక్కడే వదిలి వెళ్లండి. మేడ మీద, గాలి తగిలే చోట, మీరు అక్కడ తినబోయే వంటనే ఒక పూట పూర్తిగా వండండి. వండకముందు, వండాక డబ్బాను వంటింటి త్రాసు మీద తూచితే మీ వంటకు ఎంత గ్యాస్ అవుతుందో మీకే తెలుస్తుంది, పైన మేము చెప్పిన అంచనాల కన్నా ఆ లెక్కే నమ్మదగినది. మరచుట్టు బిగించాక సబ్బు నురుగు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. బర్నర్ అడుగున ఉండే చిన్న రబ్బరు రింగు పగిలి ఉంటే మార్చండి, అదనంగా ఒకటి సంచిలో వేసుకోండి. పంపు స్టవ్ అయితే తోలు వాషర్‌కు నూనె రాసి, పిన్నులు రెండు పెట్టుకోండి. కొండ ఊళ్లలో స్టవ్ అద్దెకు తీసుకునేవారు కూడా ఈ పరీక్షలన్నీ దుకాణం ముందే చేయించి, వెలిగించి చూశాకే డబ్బు చెల్లించాలి.